పొడలమ్మ కత్తెర పళ్లు

ఒకప్పుడు అడవిలో నోరున్న ప్రతి జంతువుకూ ఒకే రకం పళ్లు ఉండేవి. దున్నపోతుకు ఎలాంటివో చిరుతపులికీ అలాంటివే. జింకకు ఎన్నో తోడేలుకూ అన్నే. అన్నీ చదునుగా, మొద్దుగా, తిరగలి రాళ్లలా ఉండేవి. అడవితల్లి ఒకటే అచ్చు చేసుకుని, అందులో పళ్లు పోసి, అందరికీ పంచేసి చేతులు దులుపుకుంది. ఎవరేం తింటారని ఒక్కరినీ అడగలేదు. తొందర పని అలాగే ఉంటుంది మరి.

గడ్డి తినేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. పచ్చిక నోట్లో పెట్టుకుని, దవడను కుడికీ ఎడమకూ తిప్పుకుంటూ, కళ్లు సగం మూసుకుని హాయిగా నమిలేవాళ్లు. చావొచ్చిందల్లా మాంసం తినేవాళ్లకే. చిరుతకు గోళ్లున్నాయి, కాళ్లలో సత్తువ ఉంది, వేటను పడగొట్టగలదు. పడగొట్టాక? తోలు తెగదు! గోరు కొక్కెం లాంటిది. పట్టుకుంటుంది గానీ కోయదు. పళ్లతో కొరికితే తోలు జారిపోయేది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి తోలు తడిసేది, అంతే. ఒక తోడేలు కణితి అనే పెద్ద జింక తొడను నమిలి నమిలి నిద్రపోయిందనీ, లేచేసరికి ఆ తొడ అలాగే నోట్లో ఉందనీ అడవిలో చెప్పుకుని నవ్వేవాళ్లు. నవ్వేది గడ్డి తినేవాళ్లే అనుకోండి.

మరి తోలు ఎవరు కోసేవాళ్లు? రాబందులు. రాబందు ముక్కు కొస వంకరగా, వాడిగా ఉంటుంది కదా. ఒక్క పోటు పొడిచి లాగితే తోలు పర్రున చిరిగేది. అడవి మొత్తంలో కోత పని తెలిసింది వాళ్లకే. అందుకే వాళ్లకు ఎక్కడలేని మిడిసిపాటు.

వాళ్ల పెద్ద పేరు బోడితాత. తల మీద ఒక్క ఈక లేదు గానీ తలపొగరుకు లోటు లేదు. ఆయన పెట్టిన కట్టడి ఒకటుండేది. వేట పడగానే వేటాడినవాళ్లు ఆకాశం వైపు చూసి, "తాతా, కొయ్యవయ్యా!" అని మూడుసార్లు పిలవాలి. అప్పుడు తాత దిగుతాడు. వెనకే కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, వియ్యంకులు అందరూ దిగుతారు. కోస్తారు. కోసినవాళ్లే ముందు తింటారు. కార్జం, గుండె, తొడకండ అన్నీ వాళ్లకే. వేటాడినవాళ్లు దూరంగా కూర్చుని గుటకలు మింగాలి.

"కోసినోడికి కండ, వేటాడినోడికి ఎముక," అనేవాడు బోడితాత, తిన్నాక రెక్కలు విదిలించుకుంటూ. అడవంతా దానికి తలూపేది. ఊపక ఏం చేస్తుంది?

ఆ అడవిలో పొడలమ్మ అని ఒక చిరుత ఉండేది. ఒళ్లంతా పొడలు, అంటే నల్ల నల్లని మచ్చలు. అందుకే ఆ పేరు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. దానికి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు జాజు, గట్టి పిండం. చిన్నది చుక్కి. పుట్టడమే పిడికెడంత పుట్టింది పాపం.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కొండవాగు సన్నని దారంలా మారింది. పొడలమ్మకు పాలు ఆగిపోయాయి. పిల్లలకు మాంసం అలవాటు చేయాల్సిన వేళ వచ్చింది. పెట్టడానికి ఏముంది? రాబందులు వదిలిన ఎముకలు, తోలు పేలికలు! జాజు వాటినే చప్పరిస్తూ ఎలాగో నెట్టుకొచ్చాడు. చుక్కి ఎముకను నాకి నాకి, అమ్మ మొహంలోకి ఒకసారి చూసి, పడుకునేది. అలా కొన్నాళ్లకు లేచి నిలబడటమే మానేసింది.

"అమ్మా, కండ ఎలా ఉంటుందే?" అని అడిగింది ఒకరోజు.

పొడలమ్మ బిడ్డను దగ్గరకు లాక్కుంది. పరుగెత్తేది తను, దూకేది తను, దెబ్బలు తినేది తను. తన బిడ్డకు కండ ఎలా ఉంటుందో తెలియదు! సిగ్గుతోనూ కోపంతోనూ దాని మీసాలు వణికాయి.

"రేపు చూద్దువుగాని తల్లీ," అంది.

మర్నాడు పొద్దున్నే ఒక దుప్పిని పడగొట్టింది. ఆకాశం వైపు చూడలేదు. "తాతా" అనలేదు. గుట్టుచప్పుడు కాకుండా వేటను తునికి చెట్ల గుబురులోకి ఈడ్చుకుపోయి, దాని ఎదురుగా కూర్చుని, మొద్దు పళ్లతో కొరకడం మొదలుపెట్టింది.

ఇక్కడ చిరుతల సంగతి ఒకటి చెప్పాలి. తిండి ముందు మొహం తిప్పకూడదని వాళ్ల వంశంలో పెద్ద పట్టింపు. తిండికి ఎదురుగా కూర్చోవాలి, ఎదురుగా చూడాలి, ముందు పళ్లతో ఎదురుగా కొరకాలి. మొహం పక్కకు తిప్పితే తిండిని కాదన్నట్టే, ఇక వేట దొరకదు అని అమ్మమ్మలు పిల్లల చెవులు మెలేసి మరీ నేర్పేవాళ్లు. పొడలమ్మ కూడా తన తల్లి చేతిలో ఆ దెబ్బలు బాగానే తింది. అందుకని ఎంత కోపంలో ఉన్నా ఎదురుగానే కొరికింది. తోలు జారింది. మళ్లీ కొరికింది. మళ్లీ జారింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి దవడలు పీకేశాయి గానీ తోలు మీద గీత కూడా పడలేదు.

అంతలో రెక్కల చప్పుడు! ఆకాశంలో తిరిగేవాడి కంటికి గుబురు ఒక లెక్కా?

"ఏం పిల్లా, పిలుపు లేదు, పలుకు లేదు," అన్నాడు బోడితాత కొమ్మ మీద వాలి. "నువ్వే కోస్తున్నావా? తాతకు దగ్గులు నేర్పుతున్నావే!"

"నా వేట. నా బిడ్డ ఆకలితో ఉంది. నేనే కోసుకుంటా," అంది పొడలమ్మ.

"కొయ్యి మరి. కొయ్యి, చూస్తాం."

కొమ్మల నిండా రాబందులు వాలాయి. అందరూ చూస్తుండగా పొడలమ్మ ఇంకో గంటసేపు కొరికింది. ఏమీ కాలేదు. రాబందులు పగలబడి నవ్వాయి. అప్పుడు తాత నింపాదిగా దిగి, పొడలమ్మను రెక్కతో పక్కకు తోసి, ఒక్క పోటుతో తోలు చీల్చాడు. చుట్టాలంతా మూగారు. చూస్తుండగానే దుప్పి కరిగిపోయింది. ఈసారి ఎముకలు కూడా ఎత్తుకుపోయి బండల మీద పడేసి పగలగొట్టుకున్నారు.

"ఇదిగో, అందరూ వినండి!" అని అరిచాడు తాత వెళ్లేముందు. "ఇవాళ్టి నుంచి దీని వేటను ఏ రాబందూ కొయ్యకూడదు. వచ్చి నా కాళ్ల మీద పడితే అప్పుడు ఆలోచిస్తా. అందాకా గడ్డి తిననీ. దాని పళ్లు పుట్టింది అందుకేగా!"

పొడలమ్మ వట్టి నోటితో ఇంటికి వచ్చింది. దారిలో అడవి గడ్డలు నాలుగు తవ్వి తెచ్చి, నమిలి, మెత్తగా చేసి చుక్కి నోట్లో పెట్టింది. చుక్కి అమ్మ కోసం రెండు ముద్దలు మింగింది. మింగినంతసేపు పట్టలేదు, మొత్తం కక్కేసింది.

"నాకు ఆకలి లేదులే అమ్మా," అంది పాపం చిన్నది.

ఆ మాటకు పొడలమ్మ గుండె చెరువైంది. కాళ్ల మీద పడదామా? పడితే బోడితాత కోసి పెడతాడు. పెట్టేది మాత్రం మళ్లీ ఎముకే కదా! ఎముకతో చుక్కి బతకదు. రేపు పొద్దుగూకేలోపు దాని నోట్లో కండ పడకపోతే ఇక లేదు. ఆ సంగతి తల్లికి ఎవరూ చెప్పక్కర్లేదు.

తెల్లారగానే, "చెల్లిని చూసుకోరా," అని జాజుకు చెప్పి, మొహం కడుక్కుందామని వాగుకు వెళ్లింది. నీళ్లలోకి వంగి ఏడ్చింది కూడా. చిరుతలు ఏడుస్తాయా అని అడక్కండి. ఏడ్చింది.

"ఏడిస్తే ఏడువు గానీ నా నీళ్లు ఉప్పగా చెయ్యకే," అన్నారు ఎవరో.

చూస్తే ఒక ముసలి పీత. వాగు ఒడ్డున రాతి మీద కూర్చుని, చచ్చిన చేపను ముందు పెట్టుకుని తాపీగా తింటోంది. పెద్ద చేప. దళసరి తోలు. పీతవ్వ ఒక డెక్క, అంటే పటకారు లాంటి ముందుకాలు, తెరిచి, చేప తోలు దాని మధ్యన పెట్టి, మూసింది. కరక్. ముక్క ఊడి వచ్చింది. మళ్లీ తెరిచింది. కరక్. ఇంకో ముక్క.

పొడలమ్మ ఏడుపు మరిచిపోయి నోరు తెరిచింది.

"అవ్వా! నీకు ముక్కు లేదు. నా గోటంత కూడా లేవు నువ్వు. అది ఎలా తెగుతోంది?"

"నువ్వు ఎలా కోస్తావో ముందు చూపించు," అంది పీతవ్వ.

పొడలమ్మ నోరు తెరిచి మూసింది. టక్కుమని చప్పుడైంది.

"అదీ నీ జబ్బు," అంది పీతవ్వ. "నీ పై పన్ను వచ్చి కింది పన్ను నెత్తిన కూర్చుంటోంది. రోలూ రోకలీ అనుకో. దంచడానికి బాగుంటుంది. కోత అలా కాదే పిచ్చిదానా. నా డెక్క చూడు. ఇదొక అంచు, అదొక అంచు. ఒకదాని నెత్తిన ఒకటి పడవు. ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతాయి. ఆ జారే సందులో ఏం పడినా తెగుతుంది."

మీ ఇంట్లో అడకత్తెర ఉంటే చూడండి, ఆ మాట అర్థమవుతుంది. పొడలమ్మ అడకత్తెర చూడలేదు గానీ వెంటనే అర్థం చేసుకుంది. ఆకలేసిన బిడ్డ ఉన్న తల్లికి బుర్ర బాగా పనిచేస్తుంది.

"నా పళ్లను అలా ఎవరు చేస్తారు అవ్వా?"

"నేను కూర్చున్నది దేని మీద అనుకున్నావు?" అని పీతవ్వ కింద ఉన్న రాతిని డెక్కతో తట్టింది. "ఓ సానబండా! లే. బేరం వచ్చింది."

అది వాగు ఒడ్డున, నీళ్ల అంచులో నిటారుగా నిలబడ్డ నల్లని బండ. పలకలా పలచగా ఉంటుంది. వాగు ఎన్నో ఏళ్లు రుద్ది రుద్ది దానికి అలాంటి అంచు తెచ్చింది. పీతవ్వ డెక్కలకు పదును పెట్టింది కూడా అదే. బండలకు మాట నిదానం. చాలాసేపటికి అది గొంతు విప్పింది.

"పెడతా... పదును పెడతా. అయితే ఒక మాట. నా దగ్గర అరిగింది మళ్లీ రాదు. కోసే పన్ను నమలదు. నమిలే పన్ను కోయదు. నీ వెనక దవడ పళ్లు నాకే ఇచ్చెయ్యాలి. నీ దవడ ఇక కుడికీ ఎడమకూ తిరగదు. పైకీ కిందకీ, అంతే. గడ్డలు, దుంపలు, ఆకులు అన్నీ మరిచిపో. వేట దొరికితే తిండి. దొరక్కపోతే పస్తు. నీకే కాదు, నీ పిల్లలకు, వాళ్ల పిల్లలకు కూడా అంతే. బాగా ఆలోచించుకో."

పొడలమ్మ ఆలోచించింది. కరువు రోజుల్లో దుంపలు నమిలి ప్రాణం నిలుపుకున్న సంగతి గుర్తుకొచ్చింది. అవీ లేకుండా పోతాయి. వేట తప్పిన రోజు ఎన్ని ఉండవు! దానికి భయం వేసింది. ఉన్నమాట చెప్పాలిగా, బాగానే వేసింది.

తర్వాత చుక్కి గుర్తుకొచ్చింది. "నాకు ఆకలి లేదులే అమ్మా" అన్న గొంతు గుర్తుకొచ్చింది.

"పస్తులుంటాం," అంది పొడలమ్మ. "వేట దొరకని రోజు పస్తులుంటాం. దొరికిన రోజున కూడా పస్తులుండటం మాత్రం ఇక మా వల్ల కాదు. పెట్టు పదును."

"అయితే ముందు నోట్లో ముందుండే పళ్లు," అంది పీతవ్వ, మేస్త్రీలా బండ మీదకు ఎక్కి. "అవి చిన్నగా చెయ్యి. ఎముక మీది కండ గీరడానికి చాలు. వాటి పక్కన పైన రెండు, కింద రెండు ఉంటాయి చూడు, వాటిని తగ్గించకు. చుట్టూ నూరి కొస తెప్పించు. అవి కోరలు. వేట మెడ పట్టుకుంటే వదలకూడదు."

పొడలమ్మ నూరింది. ఆ రోజుల్లో పళ్లు ఇప్పుడున్నంత గట్టివి కావు. అయినా నొప్పి నొప్పే. కళ్లలో నీళ్లు వచ్చాయి, చెవులు దిమ్మెత్తాయి. నాలుగు కోరలు మెరుస్తూ లేచాయి.

"ఇప్పుడు అసలు పని. బండ అంచును బుగ్గలోకి తీసుకో. పై పళ్లు బండకు బయటి వైపు, కింది పళ్లు లోపలి వైపు. ఆఁ! ఇప్పుడు పైకీ కిందకీ. అటూ ఇటూ తిప్పావంటే చూడు!"

పై పన్ను బండకు ఒక పక్క అరుగుతోంది. కింది పన్ను ఇంకో పక్క అరుగుతోంది. బండ నిటారుగా నిలబడి దవడను అటూ ఇటూ కదలనివ్వలేదు. కుడి బుగ్గ అయింది, ఎడమ బుగ్గ అయింది. వెనకున్న దవడ పళ్లు అరిగి అరిగి రాలిపోయాయి. పొడలమ్మ వాటిని వాగులో ఉమ్మేసి మళ్లీ పట్టింది. చివరికి దవడ కీలు దాని గాడిలో దిగి కూర్చుంది. పీతవ్వ ఒక తుంగ కాడ తెచ్చి బుగ్గ పళ్ల మధ్య పెట్టింది.

"మూయి."

కరక్. కాడ రెండు ముక్కలైంది. పొడలమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"ఒక్క మాట మరిచిపోకు," అంది పీతవ్వ. "కోరలు పట్టడానికి. కోత బుగ్గల్లో ఉంది. కోత పక్కన ఉందే, పక్కన!"

"సరే సరే," అంటూనే పొడలమ్మ పరుగు తీసింది. పొద్దు వాలుతోంది. మాట వినే తీరిక ఎవరికుంది?

దాని అదృష్టం కొద్దీ వాగు మలుపులోనే ఒక కణితి నీళ్లు తాగుతోంది. మామూలుగా అయితే చిరుత వేట మీదకు దూకి, గోళ్లతో వేలాడి, అరగంట పెనుగులాడాలి. ఈసారి దూకడం, మెడ పట్టుకోవడం, కోరలు దిగడం అన్నీ ఒకేసారి జరిగాయి. కణితి కూలింది. పొడలమ్మకే నమ్మకం కుదరలేదు. వేటను ఈడ్చుకుంటూ పిల్లలున్న గుహ ముందుకు తెచ్చి, అందరికీ కనబడేలా బయట పడేసింది.

"ఇవాళ దాచను," అంది గట్టిగా. "చూసేవాళ్లంతా చూడండి!"

చూడటానికి అందరూ వచ్చారు. తోడేలు వచ్చింది, ముంగిస వచ్చింది, అడవిపిల్లి వచ్చింది. బోడితాత బలగంతో సహా వచ్చి బండల మీద వాలాడు. జాజు చెల్లిని వీపు మీద వేసుకుని తెచ్చి అమ్మ పక్కన పడుకోబెట్టాడు. చుక్కి కళ్లు సగమే తెరుచుకున్నాయి.

పొడలమ్మ వేటకు ఎదురుగా కూర్చుంది. ఎదురుగా చూసింది. ముందు పళ్లతో ఎదురుగా కొరికింది.

తోలు జారిపోయింది!

మళ్లీ కొరికింది. కోరలు దిగి రంధ్రాలు పడ్డాయి గానీ తోలు తెగలేదు. ఇల్లు అలకగానే పండగ అవుతుందా? బండల మీద ఒకటే నవ్వులు.

"పళ్లు తోముకొచ్చినట్టుందిరోయ్!" అన్నాడు ఒక అల్లుడు రాబందు. "మెరుస్తున్నాయి!"

"పిల్లా," అన్నాడు బోడితాత, "పొద్దుగూకుతోంది. నీ బిడ్డ మెడ వాలిపోతోంది. వచ్చి కాళ్ల మీద పడు. జాలిపడి కోస్తా."

పొడలమ్మ చుక్కి వైపు చూసింది. నిజమే, మెడ వాలిపోతోంది. అప్పుడు అవ్వ మాట చెవిలో మోగింది. కోత పక్కన ఉంది. పక్కన! బుగ్గలో ఉన్న కత్తెరకు తోలు అందాలంటే ఏం చేయాలి? మొహం తిప్పాలి. తిండి ముందు మొహం తిప్పాలి! చిరుత వంశంలో ఎవరూ చేయని పని. చెవి మెలేసిన తల్లి గొంతు ఒకవైపు, వాలిపోతున్న బిడ్డ మెడ ఒకవైపు.

"అమ్మా, మన్నించు," అనుకుంది పొడలమ్మ. "పీతవ్వ పుట్టినప్పటి నుంచీ పక్కకే నడుస్తోంది. ఆమెకు ఏం తక్కువైంది?"

తల పక్కకు వంచింది. ఒక కన్ను నేల వైపు, ఒక కన్ను ఆకాశం వైపు. తోలును నాలుకతో బుగ్గలోకి తోసింది. దవడ మూసింది.

కరక్!

తోడేలు నాలుగడుగులు ముందుకొచ్చింది.

కరక్! కరక్! కరక్!

బట్ట చిరిగినట్టు తోలు విచ్చుకుంది. కింద ఎర్రగా, వెచ్చగా, ఆవిర్లు కక్కుతూ కండ! పొడలమ్మ తల అటు వంచి ఒక ముక్క, ఇటు వంచి ఒక ముక్క కోసింది. నమలడం లేదు, నలపడం లేదు. కోత ఒక్కటే! తొడకండ కోసి, దాన్ని మళ్లీ చిన్న చిన్న ముక్కలు చేసి, మెత్తగా చుక్కి నోటి దగ్గర పెట్టింది.

"ఇదిగో తల్లీ, కండంటే ఇది."

చుక్కి ముక్క వాసన చూసింది. నాకింది. మింగింది. అందరూ చూస్తున్నారు. ఇంకో ముక్క మింగింది. మూడో ముక్కకు మెడ లేచింది. ఆరో ముక్కకు ముందుకాళ్లు కూడదీసుకుని కూర్చుంది. పదో ముక్క జాజు నోటి దగ్గరకు పోతుంటే, "అది నాదిరా!" అని గుర్రుమంది!

పొడలమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తలెత్తి ఒక అరుపు అరిచింది చూడండి, వాగు అవతలి కొండ కూడా బదులు పలికింది. తోడేలు మోర ఎత్తి ఊళ వేసింది. ముంగిస తోక మీద లేచి గంతులు వేసింది. అడవిపిల్లి సంతోషం పట్టలేక చెట్టెక్కి, ఎందుకెక్కిందో మరిచిపోయి మళ్లీ దిగింది.

బోడితాత మాత్రం కోపంగా రెక్కలు విప్పి, కండ మీదకు దూకబోయాడు. పొడలమ్మ మొహం ఎదురుగా తిప్పి పెదవి ఎత్తింది. నాలుగు కోరలు. తాత గాల్లోనే ఆగిపోయాడు.

"కోసినోడికి కండ అన్నావుగా తాతా," అంది పొడలమ్మ. "కోసింది ఎవరు?"

తాత మెల్లగా బండ మీదకు దిగి, రెక్కలు ముడుచుకున్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారే, సరిగ్గా అదే వరస.

"అమ్మా పొడలమ్మ తల్లీ," అన్నాడు తేనె పూసిన గొంతుతో, "మాది పెద్ద సంసారం. మీరంతా తిన్నాక... ఎముకల మీద ఏమైనా మిగిలితే..."

"మిగిలితే చూద్దాం," అంది పొడలమ్మ. దాని కడుపు నిండింది కాబట్టి కోపం కూడా కొంచెం తగ్గింది. "పిలుస్తాంలే. అందాకా అక్కడే కూర్చో."

మర్నాడు చూడాలి వాగు ఒడ్డున సందడి! పొద్దెక్కకముందే సానబండ చుట్టూ బారులు తీరారు. పీతవ్వకు ఊపిరి సలపలేదు. పెద్దపులి నూరింది, సివంగి నూరింది, ముంగిస నూరింది. అడవిపిల్లి నూరి నూరి తన పళ్లు సూదుల్లా చేసుకుంది. తోడేలుకు ముందుచూపు ఎక్కువ. కత్తెర పళ్లు చేయించుకుని కూడా, వెనక రెండు మూడు మొద్దు పళ్లు బండకు ఇవ్వకుండా దాచుకుంది. దాని చుట్టమే కదా కుక్క, అందుకే కుక్కకు మాంసమూ చెల్లుతుంది, మీరు పెట్టే అన్నం ముద్దా చెల్లుతుంది.

ఇక ఎలుగుబంటి సంగతి. అదీ వచ్చింది. కోరలు నాలుగూ బాగానే నూరుకుంది. బుగ్గ పళ్లు మొదలుపెట్టే వేళకు గాలిలో ఇప్పపువ్వు వాసన కొట్టింది. "ఇప్పుడే వస్తా అవ్వా, ఒక్క క్షణం!" అని వెళ్లింది. ఇప్పటికీ తిరిగి రాలేదు. అందుకే దానికి నోటి ముందు పులి కోరలు, నోటి వెనక ఆవు పళ్లు. పండ్లు తింటుంది, పువ్వులు తింటుంది, ఏం దొరికితే అది తింటుంది. సుఖంగానే ఉంది లెండి, దాని గురించి బెంగ పడకండి.

చుక్కి ఏమైందంటారా? అదే ఏడు వర్షాలు పడ్డాక తన తొలి వేట పడగొట్టింది. అది ఒక చిన్న కుందేలు. తల పక్కకు వంచి, కరక్కున కోసి, మొదటి ముక్క అమ్మ ముందు పెట్టింది. పొడలమ్మ ఆ ముక్కను మింగి, అంత రుచి దేనికీ లేదని అడవంతా చెప్పుకుంది.

అప్పటినుంచే మాంసం తినే జంతువులకు ముందు చిన్న పళ్లు, పక్కన పొడుగు కోరలు, బుగ్గల్లో ఒకదాని పక్కనుంచి ఒకటి జారే కత్తెర పళ్లు ఉంటున్నాయి. వాటి దవడ పైకీ కిందకీ ఆడుతుందే గానీ ఆవు దవడలా పక్కలకు తిరగదు. అప్పటినుంచే పులి వేట తింటున్నంతసేపూ రాబందులు దూరంగా కూర్చుని తమ వంతు కోసం చూస్తుంటాయి. నమ్మకం లేకపోతే మీ వీధి పిల్లికి ఒక గట్టి మాంసం ముక్క వేసి, చప్పుడు చేయకుండా చూడండి. అది తల పక్కకు వంచి, ముక్కను బుగ్గలోకి తోసి, కరక్ కరక్‌మని తనకు తానే కోసుకుని తింటుంది.